నాలుగు జిల్లాలు చూసిన ఊరు

స్వర్ణోత్సవ సంచికకు మన ఊరి చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. ఈ బడిలోనే చదివి, ఈ బడిలోనే కొన్నేళ్లు సోషల్ పాఠాలు చెప్పి, మొత్తం ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. వెనకాడవలసిన పని లేదు. కానీ ఆ మాట వినగానే ఒక పాత బాకీ గుర్తొచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత చరిత్రలోకి వస్తాను.

1984లో ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ఇటలీ ఏకీకరణ పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద ఇటలీ పటం వేశాను. అది బూటు ఆకారంలో ఉంటుందంటే పిల్లలు తమ చెప్పుల్లేని కాళ్లు చూసుకొని నవ్వుకున్నారు. మాజినీ, కవూర్, గారిబాల్డీ పేర్లు రాయించాను. 1860లో గారిబాల్డీ వెయ్యిమంది ఎర్రచొక్కాల వాళ్లతో సిసిలీలో దిగడం, 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడటం, 1870లో రోమ్ నగరం అందులో కలవడం అన్నీ వరసగా చెప్పాను. పాఠం బాగా నడిచిందనే అనుకున్నాను. అప్పుడు వెనక బెంచీ నుంచి హాస్టల్లో ఉండే సవర కుర్రవాడొకడు లేచాడు.

"మేస్టారూ, మన కోట ఎవలు కట్టేరండీ? అది పుస్తకంలో లేదేటి?"

"అది పరీక్షకు రాదు. కూర్చో" అన్నాను.

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను కూర్చున్నాడు. ఆ ఏడాది పొడుగునా మళ్లీ చెయ్యి ఎత్తలేదు. నిజానికి ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు.

మళ్లీ ఆ ప్రశ్న నాకు ఎదురైంది ఇటలీలోనే. 2018లో మా అమ్మాయి అక్కడ చదువుకుంటుండగా నేనూ, మా ఆవిడా చూడటానికి వెళ్లాం. నల్లబల్ల మీద ఎన్నోసార్లు చుక్క పెట్టి చూపించిన ఫ్లారెన్స్ చూశాను. కానీ నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఫ్లారెన్స్‌కూ సియెనాకూ మధ్య ఒక కొండ మీద ఉన్న శాన్ జిమిన్యానో అనే చిన్న ఊరు. జనాభా ఏడెనిమిది వేలు. మన కురుపాం లాంటిదే అనుకోండి. చుట్టూ ప్రాకారం, లోపల రాతి వీధులు, ఒక బావి చుట్టూ ఏర్పడిన చావడి. ఆ ఇళ్ల మధ్యలోంచి తాడిచెట్లలా లేచిన రాతి బురుజులు.

ఒకప్పుడు అక్కడ 72 బురుజులు ఉండేవట. ఇప్పుడు 14 మిగిలాయి. పాత కాలంలో ఉత్తరాది నుంచి రోముకు పోయే యాత్రికుల బాట ఆ ఊరి మీదుగా సాగేది. ఆ రాకపోకల వల్ల వర్తకం పెరిగింది. అక్కడ పండే కుంకుమపువ్వుకు ఎంత గిరాకీ అంటే, ఊరి అప్పులు కూడా కుంకుమపువ్వుతోనే తీర్చిన సందర్భాలు ఉన్నాయి. డబ్బు చేరిన కుటుంబాలు ఒకరి మీద ఒకరు పంతానికి బురుజులు లేపారు. సాల్వుచ్చీ వారూ, ఆర్దింఘెల్లీ వారూ అని రెండు వైరి కుటుంబాలు. ఇద్దరి బురుజులూ ఇప్పటికీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. 1300లో మహాకవి దాంతే ఫ్లారెన్స్ తరపున రాయబారిగా ఆ ఊరు వచ్చాడు. ఆయన మాట్లాడిన సభాశాలను ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

తర్వాత 1348లో ప్లేగు వచ్చింది. సగం ఊరు తుడిచిపెట్టుకుపోయింది. 1353లో ఊరు ఫ్లారెన్స్ ఏలుబడిలోకి పోయింది. యాత్రికుల బాట కూడా పక్క లోయలోకి మళ్లిపోయింది. ఊరు పేదదైంది. మిగతా చోట్ల ధనవంతులు పాత బురుజులు పడగొట్టి కొత్త భవనాలు కట్టుకుంటే, ఇక్కడ పడగొట్టడానికి కూడా ఎవరి దగ్గరా డబ్బు లేకపోయింది. అలా పేదరికమే ఆ ఊరిని కాపాడింది. 1990లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ చావడిలో ఒక బడి పిల్లల గుంపు నేల మీద కూర్చొని ఎదురుగా ఉన్న బురుజును పెన్సిళ్లతో గీస్తోంది. పదేళ్ల పిల్లలు. వాళ్ల పంతులమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, గోడలో రాయి రంగు మారిన చోటును వేలితో చూపిస్తోంది. ఆ భాష నాకు అర్థం కాలేదు. కానీ ఆవిడ చేస్తున్న పని బాగా అర్థమైంది. ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి, వెనక బెంచీ నుంచి లేచిన ఒక కుర్రవాడి ముఖం కనిపించింది. ఎక్కడో ఇటలీలో ఉన్న కొండమీది ఊరి సంగతి మన పిల్లలకు చెప్పగలిగిన నేను, బడి దగ్గర ఉన్న కోట సంగతి చెప్పలేకపోయాను కదా అని సిగ్గేసింది.

అయినా ఆ తర్వాత కూడా నేను చేసిందేమీ లేదు. సంచిక కోసం ఫోన్ వచ్చాకే ఆ కుర్రవాడి జాడ కనుక్కున్నాను. కుర్రవాడంటున్నాను గానీ అతనికిప్పుడు యాభై దాటాయి. కొండ మీద ఒక గిరిజన పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఫోన్లో నా గొంతు గుర్తుపట్టాడు. "మన ఊరు ఒకసారి కలిసి చూద్దాంరా, నీకు ఒక జవాబు బాకీ ఉన్నాను" అన్నాను. "రండి మేస్టారూ, ఆదివారం బండి మీద తిప్పుతాను" అన్నాడు.

మొదట కోట దగ్గరికే వెళ్లాం. అది ఇప్పటికీ ఒక కుటుంబం వారి ఇల్లు కాబట్టి బయట నిలబడే చూశాం. అక్కడ నిలబడి, నలభై ఏళ్లు ఆలస్యంగా, నాకు తెలిసినంత పాఠం చెప్పాను.

మన ప్రాంతంలోని మన్నెం జమీలన్నీ ఒకప్పుడు జయపురం రాజుల నీడలో పెరిగినవి. పద్దెనిమిదో శతాబ్దంలో విజయనగరం పూసపాటి వారు బలపడి ఈ కొండ జమీందార్లను ఒక్కొక్కరినీ తమ కిందికి తెచ్చుకున్నారు. 1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో మరణించాడు. ఆ తర్వాత కంపెనీ మన్నెం జమీందార్లను విజయనగరం నుంచి విడదీసి నేరుగా తనకే పేష్కష్ కట్టేలా ఏర్పాటు చేసింది. 1802లో శాశ్వత పరిష్కారం వచ్చింది. కురుపాం వైరిచర్ల వారిది, పక్కనే మేరంగి శత్రుచర్ల వారిది. వైరి అన్నా శత్రువన్నా అర్థం ఒకటే కాబట్టి, ఈ రెండు ఇంటిపేర్లూ వింటే శాన్ జిమిన్యానోలో ఎదురెదురుగా నిలబడ్డ బురుజులు గుర్తొస్తాయి నాకు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి.

అతను అంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇవన్నీ కట్టించినోళ్ల పేర్లు కదండీ మేస్టారూ. నేను ఆవేళ అడిగింది ఎవలు కట్టేరని."

నేను ఆగిపోయాను. తెలుగు పంతుళ్లు వ్యాకరణంలో ప్రేరణార్థకం అని చెబుతారు. కట్టడం వేరు, కట్టించడం వేరు. పద్నాలుగేళ్ల పిల్లవాడు సరైన క్రియతోనే అడిగాడు. నేనే తప్పుగా విన్నాను. శాన్ జిమిన్యానోలో కూడా బురుజులకు ఉన్నవి కట్టించిన కుటుంబాల పేర్లే. రాళ్లు మోసి అంత ఎత్తుకు చేర్చినవాళ్ల పేరు ఒక్కటీ నేను వినలేదు.

మన ఊరి విషయంలో ఇంకో చిత్రం ఉంది. కట్టించినవాళ్ల గుర్తులు కూడా సగం ఇక్కడ లేవు. నేను విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో ఎవరైనా ఊరు అడిగితే "కురుపాం" అనేవాణ్ణి. "అదేంటి, మార్కెట్లో ఉంటావా?" అనేవారు. విశాఖ వన్‌టౌన్‌లో 1914లో కట్టించిన కురుపాం మార్కెట్టు వాళ్లకు తెలుసు, కురుపాం తెలియదు. రాజా వైరిచర్ల వీరభద్రరాజు గారు కట్టించిన మార్కెట్టు అది. చిన్న వయసులో పోయిన రాణి లక్ష్మీ నరసాయమ్మ పట్టమహాదేవి స్మృతిగా ఆయన కట్టించిన సమాధి మందిరం కూడా విశాఖలోనే, సముద్రతీరానికి దగ్గరలో ఉంది. దాని వల్లనే అక్కడ ఒక కూడలికి కురుపాం సర్కిల్ అని పేరు. రోజూ ఆ కూడలి మీదుగా వేలమంది వెళుతుంటారు. వాళ్లలో ఎంతమందికి ఈ కొండల కింద అదే పేరుతో ఒక ఊరుందని తెలుసు?

ఇక కాగితాల సంగతి చూడండి. మా తాతగారి కాలంలో ఉత్తరం మీద విశాఖపట్నం జిల్లా అని రాసేవారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే మనం అందులోకి వెళ్లాం. నేను చదువుకున్నదంతా శ్రీకాకుళం జిల్లా విద్యార్థిగానే. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది. ఉద్యోగం మొత్తం ఆ జిల్లాలో చేశాను. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. ఇప్పుడు పింఛను ఆ చిరునామాతో తీసుకుంటున్నాను. ఇల్లు కదల్లేదు, వీధి కదల్లేదు, జిల్లాలు మాత్రం నాలుగయ్యాయి. సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఊరి చరిత్ర వెతికేవాడికి మాత్రం ఇది పెద్ద చిక్కు. దస్త్రాలు ఒక్కో కాలానివి ఒక్కో జిల్లా కేంద్రంలో పడి ఉంటాయి.

మధ్యలో 1936 ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న జయపురం, రాయగడ, గుణుపురం అటు వెళ్లాయి. కురుపాం ఇటు మిగిలింది. కొండ మీద గీత ఎక్కడా కనపడదు. కానీ అన్నదమ్ముల పిల్లలు ఒకరు తెలుగు బడికీ, ఒకరు ఒడియా బడికీ పోవలసి వచ్చింది.

"మా అమ్మ పుట్టిల్లు అటేనండీ" అన్నాడు నా శిష్యుడు. "మేనమామ ఉత్తరం రాస్తే మాకు చదవడం రాదు. మేం రాస్తే ఆయనకు రాదు. సవరలో రాద్దామంటే లిపి తెలీదు."

అదే 1936లో గుణుపురం ప్రాంతంలో మంగేయి గొమాంగో అనే సవర పండితుడు తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశాడు. అంతకు చాలా ముందే, ఇటు పర్లాకిమిడిలో మన గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ భాష నేర్చుకున్నారు. ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. కానీ పర్లాకిమిడి బడిలో పంతులుగా ఉంటూ సవరలతో కలిసి తిరిగి వాళ్ల మాట పట్టుకున్నారనీ, సవర పిల్లల కోసం బడులు నడిపించారనీ, 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారనీ నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. అడవుల్లో తిరిగి మన్యం జ్వరానికి వాడిన మందుల వల్ల ఆయనకు చెవుడు కూడా వచ్చిందంటారు.

ఇక్కడ ఇంకో సంగతి. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా భాష. దాని దూరపు బంధువులు కాంబోడియాలో మాట్లాడే ఖ్మేరు, వియత్నాం వారి భాష. లాటిన్ నుంచి ఇటాలియన్ ఎలా పుట్టిందో చెప్పాను నేను. నా ఎదుట బెంచీ మీద, చింపిరి నోటుబుక్కుతో, ప్రపంచంలోని మరో పెద్ద భాషా కుటుంబం కూర్చొని ఉందని మాత్రం నాకు తెలియదు.

కోట దగ్గర్నుంచి గుంపకు వెళ్లాం. నాగావళి, జంఝావతి కలిసే చోట సోమేశ్వరుడి గుడి. బడి రోజుల్లో శివరాత్రికి మనమంతా అక్కడికి వెళ్లినవాళ్లమే. బలరాముడు కరువు తీర్చడానికి నాగలితో నేల దున్ని నాగావళిని తెచ్చాడనీ, ఒడ్డున అయిదు చోట్ల లింగాలు ప్రతిష్ఠించాడనీ మన పెద్దలు చెప్పేవారు. పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి. స్థలపురాణం చరిత్ర కాదని విద్యార్థులకు నేనే చెప్పాను. ఇప్పుడైతే ఆ మాట కొంచెం మార్చి చెబుతాను. ఒడిశా కొండల్లో పుట్టి సముద్రంలో కలిసేదాకా ఒక నది పొడుగునా ఉన్న ఊళ్లను ఒకే కథలో కట్టి ఉంచినవాళ్లకు, తమది ఒకే నేల అన్న ఎరుక ఉంది. జిల్లాల గీతలు మారినా ఆ కథ మారలేదు.

అక్కడినుంచి బండి మొండెంఖల్లు దారి పట్టింది. ఆ పేరు వింటే నా వయసువాళ్లకు ఒక్కసారి ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటికి నేను ఆరో తరగతి. గిరిజనుల అప్పులు, షావుకార్ల వడ్డీలు, పోడు భూములు చేతులు మారడం, ఏడాదంతా కంబారితనం చేసినా తీరని బాకీలు, ఇవన్నీ మా ఇళ్లలో పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదని 1917లోనే చట్టం ఉంది. అయినా చేతులు మారుతూనే వచ్చింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళుతున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల కాల్పులు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. కేసులో నిందితులను మరుసటి ఏడాది కోర్టు వదిలేసింది. ఆ తర్వాత మూడేళ్లు ఈ కొండల్లో ఏం జరిగిందో దేశమంతా ఎరుగును. ఆ ఉద్యమానికి నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లుగా కొండలకు వచ్చినవాళ్లే. 1970 జులైలో ఇద్దరూ పోలీసుల చేతుల్లో మరణించారు. అదే ఏడాది భూ బదలాయింపు చట్టాన్ని ప్రభుత్వం మరింత గట్టిపరిచింది. ఇప్పటికీ దాన్ని మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు.

ఆ దారిలో అభిప్రాయాలు మనందరివీ ఒకటి కావు. ఈ సంచిక చదివేవారిలో ఆ రోజుల్లో ఇల్లు విడిచి పారిపోయిన కుటుంబాల వాళ్లున్నారు. అన్నదమ్ములను పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తీర్పు చెప్పడం నా పని కాదు. నేను చెప్పదలచింది ఒక్కటే. 1970ల్లో బడిలో మేం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. కొన్ని నెలలు కొన్ని చోట్లు ఖాళీగా ఉండేవి. ఎవరూ ఎందుకని అడగలేదు. అడగకుండా ఉండటం ఎలాగో మాకు అప్పుడే అలవాటైంది. అదే అలవాటు నేను మాస్టారునయ్యాక "కూర్చో" అన్న మాటగా బయటికి వచ్చింది.

మధ్యాహ్నానికి అతని ఊరు చేరాం. వాళ్లమ్మగారు "కూకోండి బాబూ" అని చోడి అంబలి ఇచ్చారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసిన బొమ్మలు. చతురస్రపు గడిలో మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. పోయిన పెద్దల ఆత్మలు శాంతించాలని వేసే బొమ్మలివి. మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో రాసిన పెద్ద పుస్తకంలో వీటి సంగతి వివరంగా ఉంది. అయితే నేను చూస్తున్నది పుస్తకంలో బొమ్మ కాదు. పెద్దావిడ ఒక మనిషి బొమ్మ మీద వేలు పెట్టి, "మా మామ" అంది.

భోజనాలయ్యాక అతను నన్ను ఇంటి వెనక వాగు పక్కకు తీసుకెళ్లాడు. కొండ వాలు పొడుగునా మెట్లు మెట్లుగా పొలాలు. ఒక్కో మెట్టుకూ రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. ఊట నీళ్లు పైమెట్టు నుంచి కిందిమెట్టుకు మట్టి కోసుకుపోకుండా దిగుతున్నాయి. కొన్ని గోడలు నా భుజం ఎత్తున్నాయి.

"ఈ కింది మూడు మా ముత్తాత కట్టాడండీ. ఆ పైది మా తాత. ఆ మలుపు దగ్గర గోడ పోయిన వానలకు జారితే నేనూ మా తమ్ముడూ మళ్లీ కట్టాం."

కట్టించలేదు. కట్టాడు. ఇది నేను ఇటలీలో చూసినదాని కంటే తక్కువ కట్టడం ఏమీ కాదు. పైగా దీన్ని కట్టినవాడి పేరు ఉంది. ప్రతి గోడకూ ఉంది. రాసి లేదు, అంతే.

ఆ మెట్లలో కొంత భాగానికి అటవీ హక్కుల పట్టా వచ్చిందని చెప్పాడు. అక్కడ నాకు మన కోట మళ్లీ గుర్తొచ్చింది. 2006లో వచ్చిన ఆ అటవీ హక్కుల చట్టం బిల్లును పరిశీలించిన పార్లమెంటు సంయుక్త సంఘానికి అధ్యక్షుడు మన కురుపాం కోటలో పుట్టిపెరిగిన కుటుంబం వారైన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ గారు. 2011 నుంచి కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా కూడా పనిచేశారు. పేష్కష్ కోసం కొండల మీద పన్ను వేసిన కాలం నుంచి కొండ వాలు దున్నేవాడికి పట్టా రాసిన చట్టం దాకా ఒక ఊరి చరిత్ర నడిచింది. కోట గోడ, పొలం గోడ రెండూ ఒకే కథలోవి. ఒకటి తీసేసి రెండోది చెప్పలేం.

చీకటి పడకముందు అతని బడి చూశాను. ఆదివారమైనా నలుగురైదుగురు పిల్లలు వచ్చారు. సవర మాటలను తెలుగు లిపిలో రాసి గోడకు అంటించారు. వెనకవైపు ఒక తాడుకు పిల్లలు రాసిన కాగితాలు వేలాడుతున్నాయి. మా ఊరి బావి ఎవరు తవ్వారు, మా వంతెన ఎప్పుడు వేశారు, మా సంతకు అడ్డాకులు, కొండచీపుర్లు, చింతపండు తెచ్చేవాళ్లు ఏయే ఊళ్ల నుంచి వస్తారు, పూర్వం కుంచాల్లో, అడ్డల్లో ఎలా కొలిచేవారు, ఇలాంటివి. తప్పులున్నాయి. అక్కడక్కడా కొట్టివేతలున్నాయి. ఒక్కోదాని కింద చెప్పినవాళ్ల పేరు ఉంది. తాత, నాయనమ్మ, సంత కాడ చీపుర్లమ్మే పెద్దమ్మ.

"ఎప్పట్నుంచి రాయిస్తున్నావురా?" అన్నాను.

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచండీ."

ఎందుకని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

బయల్దేరుతుంటే ఆరేడేళ్ల పిల్ల ఒకతె నా దగ్గరికి వచ్చింది. "తాతా, మీ ఇల్లు ఎవలు కట్టేరు?"

"మా నాన్న కట్టించారమ్మా" అన్నాను, అలవాటు ప్రకారం.

"కట్టింది ఎవలు?"

ఈసారి "కూర్చో" అనలేదు. "నాకు తెలీదమ్మా. కనుక్కొని మీ మేస్టారుకు ఫోన్ చేసి చెబుతాను" అన్నాను.

మిత్రులారా, సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ సందర్భంలో మన బడికి బెంచీలు, ఫ్యాన్లు ఇచ్చినట్టే ఒక పెద్ద నోటు పుస్తకం కూడా ఇవ్వాలని నా కోరిక. ఒక్కో బ్యాచి వారూ తమ ఇంట్లో ఉన్నది తెచ్చి అందులో చేర్చాలి. జమీ కాలం నాటి శిస్తు రసీదు ఉండవచ్చు, పెళ్లినాటి ఫొటో ఉండవచ్చు, పట్టా నకలు ఉండవచ్చు, తాత చెప్పిన మాట ఒకటి ఉండవచ్చు. విశాఖలో స్థిరపడిన వారు మార్కెట్టు, సమాధి మందిరం ఫొటోలు పంపవచ్చు. సరిహద్దు అవతల బంధువులున్నవారు అటు కబుర్లు రాయవచ్చు. 1967 నుంచి 1970 దాకా జరిగినవి ఎవరికి వారు తాము చూసినట్టుగా రాయాలి. రెండు రకాలుగా ఉంటే రెండూ ఉండనివ్వాలి. ప్రతి పేజీ కింద చెప్పినవారి పేరు ఉండాలి. మన సోషల్ మాస్టార్లు తొమ్మిదో తరగతికి ఇటలీ పటం వేసిన రోజున, ఆ పక్కనే ఈ పుస్తకం తెరిచి పెడితే చాలు. పరీక్షకు వస్తుందా రాదా అన్నది తర్వాత సంగతి.

ఊరికి తిరిగొచ్చాక వాకబు చేశాను. మా ఇల్లు కట్టిన మేస్త్రీ పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకు మన బడిలోనే, నాకంటే రెండు తరగతులు కింద చదివాడట. ఆ సంగతి ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఫోన్ చేసి తండ్రి పేరు అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పేరు చెప్పి, దాని వెనక ఇంటిపేరు కూడా రాసుకోమన్నాడు.

ఆ పేరు కొండ మీద బడికి ఫోన్ చేసి చెప్పాను. ఒక కొత్త నోటు పుస్తకం కొని మొదటి పేజీలో రాశాను. జూబిలీ రోజున దాన్ని బడికి తెస్తాను. మిగతా పేజీలు ఖాళీగా ఉన్నాయి.